ఈబోనా, టీసీపీనా: పాత ఇంగ్లిష్ పుస్తకాలకు ఏది మేలు?

1700కి ముందు ఇంగ్లండ్‌లో అచ్చయిన పుస్తకాల మీద పనిచేసేవాళ్లు ఎక్కువగా వాడేవి రెండు. ఒకటి ప్రోక్వెస్ట్ అనే కంపెనీ వాళ్ల 'ఎర్లీ ఇంగ్లిష్ బుక్స్ ఆన్‌లైన్', పొట్టిగా ఈబో. ఇందులో ఉండేవి పేజీల ఫొటోలు. ఎక్కువగా డబ్బు కట్టిన లైబ్రరీల ద్వారా దొరుకుతుంది. రెండోది దాన్నుంచే పుట్టిన 'టెక్స్ట్ క్రియేషన్ పార్ట్‌నర్‌షిప్', టీసీపీ. ఆ పేజీల్లోని మాటలను వెతకడానికి వీలుగా టైప్ చేసి పెట్టినది. ఇది ఉచితం. ఉచితమని రెండోదానికే అతుక్కుపోయినా, డబ్బు పోశాం కదా అని మొదటిదాన్ని గుడ్డిగా నమ్మినా తిప్పలే.

ఈబో బలమూ బలహీనతా దాని పుట్టుకలోనే ఉన్నాయి. యూజీన్ పవర్ అనే అమెరికన్ 1930లలో బ్రిటిష్ మ్యూజియం పుస్తకాలను మైక్రోఫిల్మ్‌కి (పేజీలను చిన్న ఫొటోలుగా దాచే ఫిల్మ్ చుట్టకి) ఎక్కించడం మొదలుపెట్టి, 1938లో మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో యూనివర్సిటీ మైక్రోఫిల్మ్స్ స్థాపించాడు. లండన్ మీద బాంబులు పడ్డాక ఆ పని విలువేంటో అందరికీ తెలిసొచ్చింది. కంపెనీ 1962లో జెరాక్స్ చేతికి, 1985లో బెల్ అండ్ హోవెల్ చేతికి వెళ్లింది, తర్వాత అదే ప్రోక్వెస్ట్ అయింది. ఆ పాత ఫిల్ములనే స్కాన్ చేసి 1998లో ఈబోగా తెచ్చారు. అంటే మనం చూసేది చాలావరకు నకలుకి నకలు. ప్రార్థన పుస్తకాల్లోని ఎర్రసిరా కూడా నల్లగానే కనిపిస్తుంది. వెనక పేజీ సిరా ఇవతలికి ఊరితే అదీ అక్షరాల్లో కలిసిపోతుంది. ఫిల్మ్ తీసిన ప్రతిలో ఓ ఆకు లేకపోతే ఇక్కడా ఉండదు. అయినా పేజీ అమరిక, బొమ్మలు, మార్జిన్‌లో ఎవరో రాసుకున్న మాటలు చూడాలంటే ఈబోకే వెళ్లాలి.

టీసీపీ కథ వేరు. ఆనాటి అచ్చులో పొడుగు 'ఎస్' దాదాపు 'ఎఫ్' లాగే ఉంటుంది, ఫొటోలోంచి అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్ (ఓసీఆర్) ఇట్టే బోల్తా పడుతుంది. అందుకే 1999 నుంచి మిషిగన్, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలు, ప్రోక్వెస్ట్, ఇంకా ఎన్నో లైబ్రరీలు కలిసి మనుషుల చేతే టైప్ చేయించాయి. చదవలేని అక్షరం దగ్గర ఊహించి రాయకుండా గుర్తు పెట్టి వదిలేశారు. నాకు బాగా నచ్చింది ఈ నిజాయితీయే. మొదటి విడతలో సుమారు 25 వేల పుస్తకాలు 2015 జనవరి 1న అందరివీ అయ్యాయి, రెండో విడత 2020లో వచ్చింది. రెండూ కలిపి సుమారు 60 వేలు. ఈబోలో లక్ష దాటాయి. పైగా టీసీపీలో ఒక్కో రచనకి సాధారణంగా ఒకే ముద్రణ, అదీ ఎక్కువగా మొదటిది. మలి ముద్రణల్లో ఏం మారిందో దీంతో తేలదు.

డబ్బు దగ్గర మాత్రం నా ఓటు టీసీపీకే. ప్రోక్వెస్ట్‌ని 2021లో కొన్న క్లారివేట్, డిజిటల్ సంకలనాలను ఒక్కసారి డబ్బు కట్టి శాశ్వతంగా కొనుక్కునే పద్ధతి ఆపేస్తామని 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. లైబ్రరీలు గొడవ చేస్తే గడువును 2026 జూన్ 30కి జరిపింది. టీసీపీ ఫైళ్లకి ఈ టెన్షన్ లేదు, దించుకుంటే మనవే.

ఒక మాట ఎప్పుడు, ఎక్కడ వాడారో వెతకాలంటే టీసీపీతో మొదలుపెట్టండి. దొరికిన వాక్యాన్ని వ్యాసంలో ఎత్తి రాసేముందు ఈబోలో ఆ పేజీ తెరిచి చూసుకోండి. ఈబో అందుబాటులో లేకపోతే, ఖాళీ గుర్తులున్న వాక్యం మీద మాత్రం వాదన నిలబెట్టకండి.