కొత్తవాళ్లను చూస్తే మీదికి ఉరికే కుక్కకు ఇంటి వద్ద శిక్షణ: నాలుగు నెలల అనుభవం

నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపున్న మా ఇంటికి గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి, పోయిన ఏడాది వరకు దానిని గేటు బయటే దింపి, డబ్బులు గోడ మీది నుంచే అందుకునేవాడు. కారణం మా చుక్క. ఆరు నెలల వయసులో వీధి నుంచి తెచ్చుకున్న నాటు కుక్క అది. మా దగ్గర దూడలా మెలిగేది కానీ, కొత్త మనిషి కనబడితే తోక ముడిచి వణికి, మరుక్షణమే మీదికి ఉరికేది.

మొదట పిలిపించిన శిక్షకుడు అది గుర్రుమన్నప్పుడల్లా మెడ గొలుసు బిగించి గుంజేవారు. పది రోజుల్లో గుర్రుమనడం మానేసింది, మేము సంబరపడ్డాము. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం చప్పుడు చేయకుండా మా మేనమామ పిక్క పట్టుకుంది. గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో కడిగి, ఆసుపత్రికి తీసుకువెళ్లి టీకాలు వేయించాము. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక అని, శిక్షిస్తే హెచ్చరిక పోతుందే తప్ప భయం పోదని రెండో శిక్షకుడు చెప్పేవరకు మాకు తెలియలేదు. ఈ సమీక్ష ఆ రెండో ఆయన సేవ గురించే.

ఆయన ముందుగా పశువైద్యుడికి చూపించమన్నారు. నొప్పి ఉన్న కుక్క త్వరగా కరుస్తుందట. నిజంగానే చుక్క చెవిలో చీము ఉంది. అది తగ్గాకే శిక్షణ మొదలైంది. కుక్కపిల్లలు పుట్టిన మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం లోపల రకరకాల మనుషులకు సులువుగా అలవాటు పడతాయని, ఆ కాలం దాటిన చుక్క విషయంలో ఓపిక పట్టాలని కూడా చెప్పారు.

పద్ధతి అంతా దూరం మీద ఆధారపడింది. పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద, నడకకు వచ్చేవారికి 30 మీటర్ల అవతల నిలబడి, మనిషి కనబడగానే ఉడికించిన కోడి ముక్క పెట్టడం, మనిషి వెళ్లిపోగానే ఆపేయడం. ముందు మనిషి, తర్వాతే ముక్క. వరుస తారుమారైతే కోడి ముక్కను చూసినా కుక్కకు అనుమానం పుడుతుంది. (ఈ వరుస నాకు ఒంటబట్టడానికి చుక్కకంటే ఎక్కువ రోజులే పట్టింది.) అది పెదవులు నాకినా, నిద్ర రాకపోయినా ఆవులించినా, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూసినా భయపడుతోందని గ్రహించి వెంటనే వెనక్కి రావాలి. ఎడ్లకు కట్టే చిక్కం వంటి మూతిబుట్టను కూడా లోపల పెరుగు పూసి వారం రోజుల్లో అలవాటు చేశారు. మూతిని బిగించే గుడ్డ పట్టీ వద్దన్నారు. నోరు తెరిచి రొప్పకపోతే మన ఎండలకు కుక్క ఒంటి వేడి దిగదు.

లోపాలూ ఉన్నాయి. ఒక్కో తరగతికి 700 రూపాయలు మాకు భారమే, కోడి ఖర్చు వేరు. చెప్పిన వేళకు రానిది మూడుసార్లు. ఏ రోజు ఎంత దూరంలో ఆగామో రాసి ఇవ్వరు, ఆ లెక్క నేనే నోటుపుస్తకంలో రాసుకున్నాను. దీపావళి టపాకాయల సమయానికి ఏం చేయాలో ముందుగా చెప్పకపోవడంతో రెండు వారాల శ్రమ వెనక్కి పోయింది. పూర్తిగా మారుతుందని మాత్రం ఆయన ఎన్నడూ మాట ఇవ్వలేదు, నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

ఇప్పుడు గ్యాస్ అబ్బాయి గేటు లోపలికి వస్తున్నాడు, చుక్క వరండాలో తన గోనెపట్టా మీదే ఉంటోంది. చుట్టాల పిల్లలు వచ్చిన రోజు మాత్రం మూతిబుట్ట వేసి, గొలుసు నా చేతిలోనే ఉంచుకుంటున్నాను.