విజయవాడ ఆటోనగర్‌లోని కార్బ్యురేటర్ షెడ్డు: ముందు లోపం తేల్చి, ఆ తర్వాతే విప్పే పనితనం

మా నాన్నగారి 2003 నాటి హీరో హోండా స్ప్లెండర్‌ను రాత్రి నిలిపిన చోట, తెల్లవారేసరికి పెట్రోలు మరక కనిపించడం మొదలై రెండు నెలలయింది. ఇంటికి దగ్గరలో ఉన్న ఒక మెకానిక్ చేత మొదటిసారి గాస్కెట్ (అతుకుల మధ్య కారకుండా వేసే పట్టీ) మార్పించాను, రెండోసారి ఇంజన్‌కు పెట్రోలు, గాలి కలిపి పంపే కార్బ్యురేటర్ మొత్తం కడిగించాను. రెండుసార్లూ నాలుగు రోజులకే మరక మళ్లీ వచ్చింది. మూడోసారి వెళితే కార్బ్యురేటరే కొత్తది వేయాలన్నారు. ఆ మాట మీద నమ్మకం కుదరక, సింగ్‌నగర్ నుంచి రామవరప్పాడు రింగు మీదుగా ఆటోనగర్ వెళ్లి, పాత బండ్ల కార్బ్యురేటర్లు మాత్రమే చూసే ఒక చిన్న షెడ్డులో బండి చూపించాను. ఆ షెడ్డుకు బోర్డు లేదు.

అక్కడి మెకానిక్ గారికి అరవై ఏళ్లు ఉంటాయి. బండి చూడగానే ఆయన స్పానరు అందుకోలేదు. సెంటర్ స్టాండ్ వేయించి, కార్బ్యురేటర్‌ను గుడ్డతో పొడిగా తుడిచి, పెట్రోలు నిలిచే కింది గిన్నె అతికే అంచు చుట్టూ, పెట్రోలు పైపు తగిలే చోటా సుద్దపొడి అద్ది, ట్యాప్ తెరిచి పది నిమిషాలు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. సుద్ద ఎక్కడా తడవలేదు. ఎక్కువైన పెట్రోలు బయటకు పోవడానికి కింద వేలాడే ఓవర్‌ఫ్లో పైపు చివర మాత్రం చుక్క తర్వాత చుక్క పడుతోంది. అంటే నేను డబ్బిచ్చి మార్పించిన గాస్కెట్‌లో అసలు దోషమే లేదన్నమాట.

"ఈ పైపులోకి పెట్రోలు రెండు దారుల్లో వస్తుందండీ. గిన్నె ఖాళీ చేసే డ్రెయిన్ స్క్రూ సరిగా మూసుకోకపోయినా వస్తుంది, లోపల మట్టం పెరిగి పొర్లినా వస్తుంది. ఏదో తేల్చుకోకుండా విప్పితే ఏం మార్చాలో ఎలా తెలుస్తుంది?" అని, ఆ పైపు తీసి దాని చోట లోపలిది కనిపించే సన్నని గొట్టం తగిలించి, దాన్ని కార్బ్యురేటర్ పక్కనే నిలువుగా పైకెత్తి పట్టుకున్నారు. గొట్టంలో పెట్రోలు గిన్నె అంచుకు కాస్త కిందనే ఆగితే లోపం స్క్రూది. మా బండిలో అది అంచు దాటి పైకి ఎక్కుతూ పోయింది, అంటే లోపల మట్టం పెరిగి పొర్లుతోందన్నమాట. నాకు ఆ క్షణంలోనే, రెండు నెలలుగా ఎవరూ చెప్పని సంగతి కళ్ల ముందు కనిపించింది.

అప్పుడు గిన్నె విప్పారు. పెట్రోలు నిండే కొద్దీ గిన్నెలో తేలే ఫ్లోట్ పైకి లేచి, చిన్న సూదిలాంటి నీడిల్‌ను పెట్రోలు వచ్చే రంధ్రమైన సీటులోకి నొక్కి దారి మూయాలి. ఫ్లోట్‌కు చిల్లు పడి లోపలికి పెట్రోలు చేరితే అది బరువెక్కి లేవదు. అందుకే ముందుగా దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశారు. చప్పుడు లేదు. నీడిల్ మొనను భూతద్దం కింద నాకే చూపించారు: నున్నగా ఉండవలసిన రబ్బరు చుట్టూ ఉంగరంలా గాడి పడింది, సీటులో ఎర్రని తుప్పు రేణువులు ఇరుక్కున్నాయి. ఆ తుప్పు ట్యాంకుది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మా పేటలో వందలాది బండ్లతో పాటు ఇదీ మూడు రోజులు నీళ్లలోనే ఉంది. అప్పుడు ఆయిలు మార్పించి, ట్యాంకు లోపల ఏముందో చూడకుండా వదిలేయడం మా పొరపాటే.

ఆయన అడగకుండానే ఇంజన్ ఆయిలు పుల్ల తీసి వాసన చూశారు. పొర్లిన పెట్రోలు సిలిండర్ మీదుగా ఆయిల్లోకి దిగితే ఆయిలు పలచబడి ఇంజన్ అరిగిపోతుంది. మా ఆయిలు పెట్రోలు వాసన కొడుతోంది కాబట్టి అదీ మార్పించాము. ఆయిలు కాక, నీడిల్, ఓ-రింగ్ (రబ్బరు ఉంగరం), పైపు మధ్యలో ఒక ఫిల్టరు, కూలి కలిపి 480 రూపాయలయింది. పాత నీడిల్ కాగితంలో చుట్టి నా చేతికిచ్చారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో కార్బ్యురేటర్ దాదాపు కనిపించడం లేదు. ఈ పని ఇంత ఓపికగా చేసేవారు ఊళ్లో ఇంకా ఉండటం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

రెండు లోపాలు చెప్పక తప్పదు. రశీదు ఇవ్వరు. అంతకంటే ముఖ్యమైనది, గిన్నె విప్పినప్పుడు కారిన పెట్రోలును మూత లేని పళ్లెంలో పట్టారు, పక్క షెడ్డులో వెల్డింగు నడుస్తోంది. నేను చెబితే పళ్లెం లోపలికి జరిపారు గాని, నిప్పురవ్వలు పడే చోట ఇది ఏ రోజుకారోజు ప్రమాదమే. వెళ్లేవారు ఉదయం తొమ్మిదికే వెళ్లడం మంచిది. నేను పదకొండుకు వెళ్లి గంటన్నర కూర్చున్నాను.

ఇప్పటికి ఐదు వారాలయింది. రోజూ రాత్రి బండి కింద పాత న్యూస్‌పేపరు పరుస్తున్నాను, ఒక్క చుక్క పడలేదు. ఫిల్టరులో మాత్రం ఎర్రని పొడి చేరుతోంది. ట్యాంకు దించి లోపల తుప్పు తీయించడానికి వచ్చే నెల మళ్లీ అక్కడికే వెళుతున్నాను.