సెకండ్ హ్యాండ్ గ్లైడర్ కొంటున్నారా? ముందు స్పార్ (రెక్కల్ని కలిపే గొట్టం) బయటికి లాగి చూడండి

పొద్దున జరిగింది. ఇంకా కోపం తగ్గలేదు. హైదరాబాద్‌లో పాత ఆర్‌సీ విమానాలు (రిమోట్‌తో ఎగరేసే చిన్న విమానాలు) అమ్మే ఆయన గురించే. పేరు రాయను, ఆయన దగ్గర కొన్నవాళ్లకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

2 మీటర్ల ఫోమ్ గ్లైడర్, మోటారు, సర్వోలు (రెక్కల, తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లు), రిసీవర్‌తో కలిపి 9,500. ఆదివారం పొద్దున్నే, గాలి పెరిగేలోపు కాసేపు ఎగరేసుకుందామని తీసుకున్నా. డబ్బులు పంపేముందు ఒక్కటే అడిగాను: "అన్నా, ఎప్పుడైనా కూలిందా?" "లేదు తమ్ముడూ, నా చేతిలో ఒక్క గీత కూడా పడలేదు" అన్నాడు. నమ్మాను.

సీజీ (బరువు సరిగ్గా తూగే చోటు) చూసుకున్నా, సర్వోలు సరిచూసుకున్నా, చేత్తో విసిరా. చక్కగా ఎక్కింది. పైన మోటారు ఆపితే ఎంత హాయిగా తేలిందో! దించుదామని ముక్కు వంచి, వేగం అందుకున్నాక మళ్లీ ముక్కు లేపడానికి ఎలివేటర్ (తోక పలక) లాగాను. టప్‌మని శబ్దం. రెండు రెక్కలూ దండం పెట్టినట్టు పైకి మడుచుకుపోయాయి. కిలో బరువు నిట్టనిలువునా వచ్చి పడింది. చూడ్డానికి వచ్చిన ఇద్దరు పిల్లలకు పది అడుగుల దూరంలో.

ముక్కలు ఏరుతుంటే బయటపడింది. రెక్కల్ని కలిపే కార్బన్ గొట్టం నడిమధ్యన ఎప్పుడో విరిగింది. లోపల చెక్కపుల్ల దోపి, జిగురు పోసి, మీద నల్లటేపు చుట్టి పెట్టాడు. డైవ్ నుంచి లేపేటప్పుడు లోడంతా పడేది సరిగ్గా అక్కడే. బిగించేటప్పుడు ఆ టేపు నా చేతికి తగిలింది కూడా. వదులు లేకుండా పట్టడానికి చాలామంది టేపు చుడతారు కదా, అదే అనుకున్నా. ఒక్కసారి ఊడదీసి చూడాల్సింది. ఆ తప్పు నాదే.

ఫోన్ చేశాను. "ఫోమే కదా, అతికించుకో" అన్నాడు. డబ్బుల సంగతి పక్కన పెట్టి, పిల్లల పక్కన పడిందన్నా, అని చెప్పాను.

"తగల్లేదు కదా?"

అంతే, పెట్టేశాడు. తర్వాత నా నంబర్ బ్లాక్ చేశాడు. 9,500 పోయినందుకు కాదు, ఆ రెండు మాటలు మాత్రం మింగుడుపడటం లేదు. విరిగిందని ముందే చెబితే కొత్త గొట్టం నేనే వేయించుకునేవాణ్ని.

కొనేవాళ్లు స్పార్ పూర్తిగా బయటికి లాగి చూడండి, టేపు ఉంటే విప్పించండి, రెండు చేతులతో కాస్త వంచి చూడండి. లైపో బ్యాటరీ ఇస్తే ఉబ్బిందేమో, సెల్స్ వోల్టేజీలు సమానంగా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. గొట్టం ఫోటోలు నా దగ్గర ఉన్నాయి, అడిగితే పంపుతా.