ఇంట్లో కట్టుకున్న నాస్: నెట్‌వర్క్‌లో కనబడాలా, చిరునామాతో పిలవాలా?

పాత కంప్యూటర్‌లో రెండు హార్డ్ డిస్కులు బిగించి, ఓపెన్‌మీడియావాల్టో ట్రూనాసో అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, సొంతంగా నాస్ (ఇంటి నెట్‌వర్క్‌లో అందరూ ఫైళ్లు దాచుకునే పెట్టె) తయారు చేసుకున్నవారిలో చాలామందికి మొదట తగిలే చిక్కు ఒకటే. బ్రౌజర్‌లో దాని సెట్టింగుల పేజీ హాయిగా తెరుచుకుంటుంది. డెస్క్‌టాప్‌లో 'నెట్‌వర్క్' నొక్కితే మాత్రం జాడ ఉండదు. అప్పుడు ముందున్న దారులు మూడు: జాబితాలో దానంతటదే కనబడేలా చేయడం, ఐపీ అడ్రస్‌తో డ్రైవ్‌గా తగిలించుకోవడం, ఐ-స్కజీతో (దూరంగా ఉన్న డిస్కును నెట్‌వర్క్ మీదుగా అందించే పద్ధతి) సొంత డిస్కులా కలుపుకోవడం. ఏది మేలు?

మొదటి దారికే ఎక్కువమంది పట్టుబడతారు, అక్కడే ఎక్కువ సమయం పోగొట్టుకుంటారు. ఒకప్పుడు విండోస్ ఈ పనికి ఎస్ఎంబీ1 (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ పద్ధతిలో పాత కూర్పు) కాలపు పాత పద్ధతిని వాడేది. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ వ్యాపించింది ఆ ఎస్ఎంబీ1లోని లోపం గుండానే. అదే ఏడాది వచ్చిన విండోస్ 10 1709 కూర్పు నుంచి దాన్ని మామూలుగా ఇన్‌స్టాల్ చేయడం మానేశారు. 2019లో సాంబా (నాస్‌లో ఎస్ఎంబీని నడిపే ప్రోగ్రామ్) 4.11 కూర్పు కూడా దాన్ని ఆపి ఉంచింది. ఇప్పుడు విండోస్ వెతికేది డబ్ల్యూఎస్-డిస్కవరీ ద్వారా, అంటే 'ఎవరున్నారు?' అని నెట్‌వర్క్‌లో పిలుపు పంపి. సాంబా ఒక్కటే ఉంటే ఆ పిలుపుకు జవాబివ్వదు. నాస్‌లో డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న ప్రోగ్రామ్ నడవాలి. ట్రూనాస్‌లో అయితే నెట్‌వర్క్ సెట్టింగుల్లోనే దీనికి మీట ఉంది. డెస్క్‌టాప్ వైపు నెట్‌వర్క్ 'ప్రైవేట్'గా ఉండాలి, నెట్‌వర్క్ డిస్కవరీ పనిచేస్తుండాలి, ఫైర్‌వాల్ యూడీపీ 3702, టీసీపీ 5357 పోర్టులను అడ్డుకోకూడదు. ఇవన్నీ వదిలి ఎస్ఎంబీ1ను మళ్లీ ఆన్ చేయమనే పాత సలహా ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ పని మాత్రం చేయకండి.

ఇంత చేసినా కనబడని ఇళ్లున్నాయి. హాల్లో ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రౌటర్, పడకగదిలో మనం కొన్న మరో రౌటర్. నాస్ మొదటిదానికి, డెస్క్‌టాప్ రెండోదానికి కలిపి ఉంటే ఒకటి 192.168.1తో, మరొకటి 192.168.0తో మొదలయ్యే అడ్రస్ తీసుకుంటాయి. డిస్కవరీ పిలుపు రౌటర్ దాటదు. అయినా ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ పట్టీలో \\192.168.1.50 అని కొట్టగానే ఫోల్డర్లు ప్రత్యక్షమవుతాయి!

అందుకే నా ఓటు రెండో దారికి. ముందు రౌటర్‌లోకి వెళ్లి, నాస్‌కు ఎప్పుడూ ఒకే ఐపీ దక్కేలా డీహెచ్‌సీపీ (రౌటర్ అడ్రసులు పంచే ఏర్పాటు) రిజర్వేషన్ పెట్టండి. తర్వాత 'మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్'లో ఆ అడ్రస్, ఫోల్డర్ పేరు ఇస్తే సరి. జాబితాలోంచి తెరిచినా, అడ్రస్‌తో తెరిచినా ఫైళ్లు నడిచేది 445 పోర్టులో అదే ఎస్ఎంబీ మీద, కాబట్టి వేగంలో తేడా ఏమీ రాదు. పాస్‌వర్డ్ దగ్గర కొంచెం జాగ్రత్త: విండోస్ పిన్ ఇక్కడ చెల్లదు, నాస్‌లో సృష్టించిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలి. మామూలు లినక్స్ మీద సాంబా పెట్టుకున్నవారు సాంబా పాస్‌వర్డ్‌ను విడిగా పెట్టాలి. పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశాన్ని విండోస్ 11 ప్రో 24హెచ్2 మామూలుగా ఒప్పుకోదు. 'నిన్నటిదాకా తెరుచుకునేది' అనేవారు ముందు చూడాల్సింది ఇదే.

ఐ-స్కజీ సంగతి వేరు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఖాళీ డిస్కులా కనబడుతుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్‌తో ఫార్మాట్ చేసుకోవచ్చు, నెట్‌వర్క్ డ్రైవ్‌ను ఒప్పుకోని సాఫ్ట్‌వేర్‌ను కూడా అందులో పెట్టుకోవచ్చు. కానీ ఆ ఫైళ్లు టీవీకి, ఫోనుకు అందవు. రెండో కంప్యూటర్ కూడా అదే డిస్కును కలుపుకుని రాయడం మొదలుపెడితే ఫైల్ సిస్టమ్ పాడవుతుంది. ఒక్క యంత్రానికే అయితే సరే, ఇంటిల్లిపాదికీ పనికిరాదు.

డ్రైవ్ తగిలించేటప్పుడు సైన్-ఇన్‌లో మళ్లీ కలపమనే గడిలో టిక్ పెట్టడం మరవకండి. వైఫై మీద ఉన్న డెస్క్‌టాప్‌లో, కంప్యూటర్ తెరవగానే డ్రైవ్ మీద ఎర్ర గుర్తు కనిపించవచ్చు. విండోస్ వెతికే సమయానికి వైఫై ఇంకా అందుకోకపోవడమే సాధారణంగా కారణం. డ్రైవ్ మీద రెండుసార్లు నొక్కితే తెరుచుకుంటుంది.