వాడి చూశాక: ర్యాలీ ట్రిప్ మీటరు, దాని ప్లస్ మైనస్ బటన్లు

కారు వెళ్ళిన దూరం కొలిచి చూపే ఈ ట్రిప్ మీటరు ఎలా ఉందని ఎవరడిగినా నేను మొదట చెప్పేది ప్లస్, మైనస్ బటన్ల గురించే. ఒక్కసారి నొక్కితే 10 మీటర్లు కలుస్తాయి, లేదా తగ్గుతాయి. అదీ కారు కదులుతుండగానే. టీఎస్‌డీ (టైమ్, స్పీడ్, డిస్టెన్స్) ర్యాలీల్లోకి, అంటే ఇచ్చిన సగటు వేగంతో ప్రతి చోటికీ సరిగ్గా సమయానికి చేరాల్సిన పోటీల్లోకి, కొత్తగా వచ్చేవాళ్ళకి ఇంతకంటే పనికొచ్చేది నాకింకోటి కనబడలేదు.

దారి, మలుపులు రాసిచ్చే రోడ్‌బుక్‌లో దూరాలు నిర్వాహకుల కారు కొలిచినవి. మన టైరు వేరు, మన కొలత వేరు. ఒక్క శాతం తేడా ఉంటే కిలోమీటరుకి 10 మీటర్లు. సగటు వేగం గంటకి 36 కిలోమీటర్లని ఇచ్చారనుకోండి, సెకనుకి 10 మీటర్లే కాబట్టి కిలోమీటరుకి ఒక సెకను పోతుంది. 20 కిలోమీటర్లు వెళ్ళేసరికి 20 సెకన్లు. అందుకని రోడ్‌బుక్‌లో ఉన్న లాకులో, వంతెనో, గుడో వచ్చినప్పుడల్లా మీటరులో అంకెను దానికి సరిచేసుకుంటే ఆ తేడా ముందుకు సాగదు.

ఫోన్ యాప్‌తోనూ మొదలుపెట్టొచ్చు, కాదనను. కానీ కోనసీమ కొబ్బరితోటల కింద జీపీఎస్ నమ్మకంగా ఉండదు. గేటు దగ్గర కారు ఆగి ఉన్నా మీటర్లు పెరుగుతుంటాయి, మలుపుల్లో మాత్రం తగ్గించి చూపిస్తుంది. చక్రానికి అయస్కాంతం, దాని పక్కన సెన్సరు పెట్టి తిరుగుళ్ళు లెక్కపెట్టే పరికరానికి ఆ బెడద లేదు. మాది ముందు చక్రాలు లాగే కారు. మట్టిలో అవి జారి ఉత్తినే తిరిగితే లెక్క చెడుతుందని సెన్సరు వెనక చక్రానికి పెట్టించాను.

ఇక ఆ బటన్ల విలువ పూర్తిగా తెలిసిన రోజు సంగతి. వానాకాలం. మేం స్నేహితులం సొంతంగా రాసుకున్న రోడ్‌బుక్‌తో బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం, లొల్ల లాకుల వైపు ప్రాక్టీసు చేస్తున్నాం. మధ్యలో ఒక మట్టి గట్టు ఎక్కాం. మొదటి నుంచీ సగటు 30, అంటే కిలోమీటరుకి రెండు నిమిషాలు. రాత్రి కురిసిన వానకి గట్టంతా ఒండ్రు. కాసేపటికి, దారీ సమయం చూసే నావిగేటరు సీట్లోంచి మా బావమరిది, "బావా, మీటరు కదలట్లేదు" అన్నాడు. 14.62 దగ్గర ఆగిపోయి ఉంది. ఎప్పుడు ఆగిందో ఇద్దరికీ తెలీదు. నాకు చెమటలు పట్టాయి. వాడు మాత్రం టెన్షన్ పడకుండా రోడ్‌బుక్‌లో తర్వాతి మలుపు బొమ్మ చూశాడు. 16.20 దగ్గర వంతెన, ఎడమకి తిరగాలి. "32 నిమిషాల 24 సెకన్లకి వంతెన మీద ఉండాలి, నువ్వు 30 మీదే పట్టుకో" అన్నాడు. ఏడు సెకన్లు ఆలస్యంగా చేరాం.

అక్కడ దిగి చూస్తే వెనక చక్రం లోపలి వైపు ఒండ్రు గడ్డకట్టి సెన్సరును పక్కకి నెట్టేసింది. పుల్లతో గీకి, సీసాలో నీళ్ళు పోసి కడిగి, సెన్సరును పట్టి ఉంచే బ్రాకెట్‌ను వెనక్కి వంచాను. ఈలోగా వాడు బటన్ నొక్కుతూ మీటరును 16.20కి తెచ్చేశాడు. మొత్తం 50 సెకన్లు వెనకబడ్డాం. 30 బదులు 40లో రెండున్నర నిమిషాలు నడిపితే ఆ 50 సెకన్లూ పూడతాయి. అలాగే నడిపాం. 18 దాటాక మావాళ్ళు చెట్ల చాటున పెట్టిన రహస్య కంట్రోల్‌ను (మన సమయం రాసుకునే చోటు) రెండే సెకన్ల తేడాతో దాటాం. దూరం మళ్ళీ సరిచేసుకునే వీలు లేకపోతే ఆ రోజు ప్రాక్టీసు వంతెన దగ్గరే ఆగిపోయేది.

చక్రం లెక్క తప్పదని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు కొంచెం తగ్గించి చెబుతున్నాను. అరిగిన టైర్లు మార్చాక అంకెలు దాదాపు రెండు శాతం తేడా వచ్చాయి. గాలి ఒత్తిడి మారినా కొంత మారుతుంది. అందుకే ప్రతి ఈవెంటుకి ముందు, నిర్వాహకులు చెప్పిన దూరం మీద మీటరును మళ్ళీ కాలిబ్రేట్ చేసుకోవాలి, అంటే ఆ దూరానికి సరిపెట్టుకోవాలి. బ్రాకెట్ కూడా ఇప్పుడున్నది అమ్మినవాళ్ళిచ్చిన పల్చటి రేకు కాదు, తర్వాత మా ఊరి వెల్డింగు షాపులో మందపాటి పట్టీతో చేయించినది.

కొనమంటారా అంటే నా దగ్గర ఒక్క మాట లేదు. నాకు ఇంటి పక్కనే కాలువ గట్లున్నాయి, ఆదివారం పొద్దున్నే లేచొచ్చే బావమరిది ఉన్నాడు.  అలా ఎవరూ తోడు లేనివాళ్ళు, ఒకట్రెండు ఈవెంట్లు చూసి నిర్ణయించుకుందామనుకునేవాళ్ళు ముందు కారు ఓడోమీటరు, స్టాప్‌వాచ్, లెక్క రాసుకునే కాగితంతో నడిపి చూడండి. దాని ట్రిప్ అంకె 100 మీటర్లకోసారే మారుతుంది, అయినా సమయం మీద పట్టు దాంతోనే వస్తుంది. తర్వాత కొనేటట్టయితే, మీరు దిగబోయే క్లాసులో (పోటీ విభాగంలో) ట్రిప్ మీటరుకి అనుమతి ఉందో లేదో నిబంధనల్లో చూసి, ఆపైన డబ్బు పెట్టండి.