జీరో మాత్రం కదల్లేదు: తక్కువ బడ్జెట్ వేట స్కోపు చాన్నాళ్లు వాడాక

జీరో కదల్లేదు. జీరో అంటే, ఎంచుకున్న దూరంలో గురిపెట్టిన చోటే తూటా పడేలా స్కోపుని (రైఫిల్ మీద బిగించే గురి అద్దాన్ని) సరిచేసి పెట్టుకున్న అమరిక. అసలు ఈ ఒక్క ముక్క చెప్పడానికే రాస్తున్నా. తక్కువ డబ్బుల్లో వేట రైఫిల్‌కి స్కోపు కొందామనుకునేవాళ్లలో ఎక్కువమంది చూసేది జూమ్ ఎంత, ముందు అద్దం ఎంత పెద్దది, మధ్యలో ఎర్ర చుక్క వెలుగుతుందా లేదా అని. నిన్న పెట్టిన గురి ఇవాళ కూడా అక్కడే ఉంటుందా అని అడిగేవాళ్లు చాలా తక్కువ, ఎందుకంటే అది డబ్బా మీద రాయరు, కౌంటర్ దగ్గర నిలబడి అద్దంలోంచి చూస్తే కనపడదు. కానీ తూటా జంతువుకి ఎక్కడ తగులుతుందో తేల్చేది అదే కదా. గాయపడిన జంతువు వెనక చీకట్లో టార్చి వేసుకుని నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ తిరిగినవాళ్లకి ఈ మాట ఇంకా వివరంగా చెప్పక్కర్లేదు.

నాది మామూలు 3-9×40 (3 నుంచి 9 రెట్ల జూమ్, 40 మిల్లీమీటర్ల ముందు అద్దం), .308 రైఫిల్ మీద ఎక్కించా. లైటు లేదు, పక్కన ఫోకస్ నాబ్ లేదు, రెటికిల్ (అద్దంలో కనపడే గురి గీతలు) ఉత్త డూప్లెక్స్, అంటే అంచుల్లో లావుగా, మధ్యలో సన్నగా ఉండే అడ్డం నిలువు గీతలు. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే మంచీ చెడూ రెండూ ఈ రేంజ్‌లో దొరికే చాలా స్కోపులకి వర్తిస్తాయనే నా నమ్మకం. మిగతా స్పెసిఫికేషన్లు ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేస్తున్నా.

జీరో మీద నాకు ఇంత నమ్మకం ఎలా కుదిరిందో చెప్తా. మంచె దిగేటప్పుడు రైఫిల్ ఖాళీ చేసి, బోల్టు తెరిచి, తాడు కట్టి కిందికి దింపుతా, ఎప్పుడూ అంతే. ఒకసారి ముడి జారి మనిషెత్తు నుంచి పడింది, అదీ సరిగ్గా స్కోపు వైపే, టరెట్ (గురి సరిచేయడానికి తిప్పే నాబ్) మూత వెళ్లి చెట్టు వేరుకి కొట్టుకుంది. మూతకి సొట్ట పడింది, ట్యూబ్ మీద గీత పడింది, గాజుకి ఏం కాలేదు. ఆ సీజన్ ఇక అయిపోయినట్టే అనుకున్నా. మర్నాడు బెంచి మీద ఇసుక సంచి వేసి 100 గజాల్లో మూడు రౌండ్లు కాల్చా. టార్గెట్ చుక్కకి రెండంగుళాల పైన (జీరో 200 గజాలకి పెట్టుకున్నా కాబట్టి), ఎప్పుడూ పడే చోటే, మూడూ ఒక దగ్గర. పాత టార్గెట్ కాగితం దాచుకునే అలవాటు ఉంది నాకు, రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి ఎత్తి చూస్తే చిల్లులు దాదాపు కలిసిపోయాయి. ఆ క్షణం నుంచి ఈ స్కోపంటే నాకు ప్రేమ అనే చెప్పాలి. .308 తన్ను సీజన్ల తరబడి తింటూ కూడా అలాగే ఉంది. ఇంతకంటే చాలా ఎక్కువ డబ్బులు పెట్టి కొన్నవాళ్లు కూడా ప్రతి సీజన్ మొదట్లో గురి సరిచేసుకుంటుంటే చూశా.

ఇక వెలుతురు గురించి. కొత్తలో నేను అందరికీ గాజు అద్భుతం అని చెప్పేవాణ్ణి. ఇప్పుడైతే కొంచెం తగ్గించి చెప్తా. పగలు బాగుంది, మబ్బు పట్టినా బాగుంది, సందెవేళ కూడా పని జరుగుతుంది, కాకపోతే జూమ్ తగ్గించాలి. లెక్క తేలికే, ముందు అద్దం సైజుని జూమ్‌తో భాగిస్తే కంటికొచ్చే వెలుతురు కట్ట ఎంత వెడల్పో తెలుస్తుంది. 40ని 9తో భాగిస్తే 4.4 మిల్లీమీటర్లు, అదే 6 మీద పెడితే 6.7. చీకట్లో కుర్రాళ్ల కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది, వయసు పెరిగేకొద్దీ అంత తెరుచుకోదు. కాబట్టి సందెవేళ 9 మీద చీకటిగా కనపడే పొద అంచు 6 మీదకి తిప్పగానే తేటగా వస్తుంది, దానికోసం 50 మిల్లీమీటర్ల అద్దం మోసుకు తిరగక్కర్లేదు. అద్దం సైజు కన్నా డబ్బా మీద కోటింగ్ గురించి ఏం రాశారో చూడండి. ఏ పూతా లేని గాజు అయితే ఒక్కో ఉపరితలం దగ్గర సుమారు 4 శాతం వెలుతురు వెనక్కి పోతుంది, లోపల అలాంటివి పది ఉన్నాయనుకుంటే మూడో వంతు కంటికి చేరకముందే పోయినట్టే. ఈ సమస్యకే 1935లో జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా పల్చటి పూత పూసే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పుడు తక్కువ ధర స్కోపుల్లో కూడా 'ఫుల్లీ మల్టీ కోటెడ్' (అన్ని ఉపరితలాల మీదా చాలా పొరల పూత) దొరుకుతున్నాయి, ఉత్తినే 'కోటెడ్' అని రాసి ఉంటే మాత్రం ఆలోచించుకోండి. నా దాంట్లో కోటింగ్ ఉన్నా సరే, దిగుతున్న సూర్యుడు ఎదురుగా ఉంటే అద్దం అంతా తెల్లగా పొగ కమ్మినట్టు అయిపోతుంది. మంచె ఏ వైపు తిరిగి ఉండాలో ఇప్పుడు అది చూసుకునే కట్టుకుంటున్నా.

అసలు కథ ఇప్పుడు. నేను వాడే 150 గ్రెయిన్ (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) రౌండ్లు దొరక్కుండా పోయాయి, 180 గ్రెయిన్‌కి మారాల్సొచ్చింది. బరువు మారితే తగిలే చోటు మారుతుంది, అది మామూలే. కాల్చి చూస్తే గ్రూపు (చిల్లుల గుంపు) చుక్కకి అరంగుళం కింద పడింది, అంటే పాత చోటుకి రెండున్నర అంగుళాలు కిందకి. టరెట్ తిప్పితే ఒక్కో క్లిక్కు పావు ఎంఓఏ, ఎంఓఏ అనేది కోణం కొలత, 100 గజాల్లో 1.047 అంగుళాలు, అంటే క్లిక్కుకి సుమారుగా పావు అంగుళం. పది క్లిక్కులు పైకి తిప్పా. కాల్చా. చిల్లు అరంగుళం కిందున్న ఆ చిల్లుల పక్కనే పడింది. రెండోదీ అక్కడే.

టరెట్ అంకె చూస్తే పది క్లిక్కులు దాటి ఉంది, కాగితం చూస్తే ఏం జరగనట్టుంది. ముందు మౌంట్ (స్కోపుని రైఫిల్‌కి పట్టి ఉంచే రింగులు, బేస్) మీద అనుమానం వచ్చింది, ఎవరికైనా అదే వస్తుంది. టార్క్ రెంచి (ఎంత బిగించామో అంకెలో చెప్పే రెంచి) తీసి రింగుల స్క్రూలు చూశా, బేస్ స్క్రూలు చూశా, అన్నీ పెట్టిన చోటే గట్టిగా ఉన్నాయి. బ్యారెల్ చల్లారనిచ్చా. మళ్లీ కాల్చినా అంతే. ఇంకో నాలుగు క్లిక్కులు పైకి తిప్పి కాల్చా, ఈసారి చిల్లు ఒక్కసారిగా చుక్కకి మూడంగుళాల పైకి పోయి కూర్చుంది. అంటే పద్నాలుగు క్లిక్కులూ ఆగి ఆగి ఒకేసారి వచ్చాయన్నమాట, బిగుసుకుపోయిన గొళ్లెం లాగి లాగి చూస్తే ఉన్నట్టుండి ఊడొచ్చినట్టు. తర్వాత నాలుగు క్లిక్కులు కిందకి తిప్పితే మాత్రం చెప్పినట్టు విని అంగుళం కిందకి దిగింది. కిందకి వింటోంది, పైకి వినట్లేదు. నాకు నిజంగా కోపం వచ్చింది, ఎందుకంటే రౌండ్లు అసలే దొరకట్లేదు, వాటిలో సగం ఈ ఆటకే పోయాయి.

తర్వాత నింపాదిగా చూస్తే అర్థమైంది ఇది ఎందుకు జరుగుతుందో. స్కోపు లోపల ఇంకో చిన్న ట్యూబ్ ఉంటుంది, దాన్ని పైనుంచి టరెట్ స్క్రూ నొక్కుతూ ఉంటుంది, కింద నుంచి ఒక స్ప్రింగు ఎదురు నెడుతూ ఉంటుంది. కిందకి తిప్పితే స్క్రూ స్వయంగా ట్యూబ్‌ని నెడుతుంది, కదలక తప్పదు. పైకి తిప్పితే స్క్రూ వెనక్కి జరుగుతుంది అంతే, ట్యూబ్ దాని వెంటే రావాలంటే స్ప్రింగే నెట్టాలి. స్ప్రింగు బలహీనంగా ఉన్నా, లోపల రాపిడి ఎక్కువున్నా ట్యూబ్ అక్కడే ఆగిపోతుంది, నాలుగు దెబ్బలు తగిలాక రైఫిల్ తన్నుకి కదిలి వస్తుంది. తక్కువ ధరలో కోత పడేది ఎక్కువగా ఇక్కడే, బయటికి కనపడని చోట. పాత షూటర్లు క్లిక్కులు తిప్పాక స్క్రూడ్రైవర్ పిడితో టరెట్ మీద టకటకా తట్టేది ఇందుకే, నేనూ తట్టి చూశా, పనిచేస్తుంది. ఇంకా మంచి పద్ధతి ఏంటంటే కావాల్సిన దానికన్నా నాలుగైదు క్లిక్కులు ఎక్కువ పైకి తిప్పి, మళ్లీ అన్ని క్లిక్కులు కిందకి దించడం. అప్పుడు ఆఖరి కదలిక స్క్రూ నెట్టిందే అవుతుంది, స్ప్రింగు దయ మీద ఆధారపడక్కర్లేదు.

రౌండ్లు దొరికాక బాక్స్ టెస్టు కూడా చేశా. ఒకే చుక్కకి గురిపెట్టి కాల్చి, 20 క్లిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందకి, 20 ఎడమకి తిప్పుకుంటూ ఒక్కో మలుపు దగ్గర కాల్చుకుంటూ పోతే ఐదంగుళాల పైచిలుకు చదరం రావాలి, ఆఖరి చిల్లు మొదటి దాని మీదే పడాలి. ఉత్తినే తిప్పితే నాకు వచ్చింది చదరం కాదు, ఒక పక్క కుంగిన ఆకారం. దాటించి వెనక్కి తెచ్చే పద్ధతిలో చేస్తే దాదాపు చదరమే వచ్చింది. ఎవరైనా కొత్త స్కోపు కొంటే, వాపసు గడువు అయిపోకముందే ఈ టెస్టు చెయ్యండి, వేటకి తీసుకెళ్లాక తెలుసుకుని లాభం లేదు.

కాబట్టి క్లిక్కుల గురించి కొత్తలో నేను అందరి దగ్గరా పొగిడిన మాటలు ఇప్పుడిలా సరిచేసుకోవాలి: వేలికి స్పష్టంగా తగులుతాయి, చప్పుడు బాగుంటుంది, లెక్క తప్పదు, అవన్నీ ఇప్పటికీ నిజమే. కానీ వేలికి తగిలే క్లిక్కు వేరు, లోపల ట్యూబ్ జరగడం వేరు. ఇది ఒకసారి గురి పెట్టి మూత బిగించి మర్చిపోవాల్సిన స్కోపు. దూరం మారినప్పుడల్లా టరెట్ తిప్పి కాల్చే స్కోపు కాదు. అలా మర్చిపోతే మాత్రం బంగారం. ఇంత సతాయించాక కూడా, కొత్త చోట ఒకసారి కుదురుకున్నాక మళ్లీ వెంట్రుక వాసి కదల్లేదు.

నాకు తిప్పాల్సిన అవసరం కూడా పెద్దగా లేదు లెండి. మళ్లీ 150 గ్రెయినే దొరుకుతోంది, దానితో 200 గజాలకి జీరో పెట్టుకుంటే 100లో సుమారు రెండంగుళాలు పైన, 300లో సుమారు ఎనిమిదంగుళాలు కింద పడుతుంది. 200 దాటి నేను కాల్చను, ఆ లోపల నేరుగా గురిపెట్టి కాల్చేయొచ్చు. రెటికిల్‌లో కింద గీతలు గీతలుగా ఉండే మోడల్ ఇదే ధరలో ఉండేది, నేను తీసుకోలేదు, ఎందుకంటే ఇలాంటి స్కోపుల్లో జూమ్ తిప్పినా రెటికిల్ సైజు మారదు, ఆ గీతల లెక్క సాధారణంగా ఫుల్ జూమ్ మీద మాత్రమే నిజం. సందెవేళ 6 మీద పెట్టుకుని ఆ గీత నమ్ముకుంటే తూటా ఇంకెక్కడో పడుతుంది.

పక్కన ఫోకస్ నాబ్ లేదే అని బాధపడేవాళ్లకి ఒక మాట. కన్ను పక్కకి జరిగితే గురి కూడా జరిగినట్టు కనపడటాన్ని పారలాక్స్ అంటారు, ఆ నాబ్ ఉండేది దాన్ని సరిచేయడానికే. ఇది 100 గజాలకి పారలాక్స్ కట్టిన స్కోపు, 40 మిల్లీమీటర్ల అద్దానికి 200 గజాల్లో, కన్ను పూర్తిగా అంచుకి జరిగిపోయినా, తేడా 20 మిల్లీమీటర్లే. వేటలో అది లెక్కలోకి రాదు. అదే నాబ్ ఖర్చు రింగుల మీద, బేస్ మీద పెట్టండి. రింగు మూతలకి 15 నుంచి 18 ఇంచ్ పౌండ్ల బిగింపు చాలు (మీ రింగుల తయారీదారు వేరే అంకె ఇస్తే అదే), అంతకంటే బిగిస్తే పల్చటి ట్యూబ్ నొక్కుకుపోయి లోపలి కదలిక ఇంకా పట్టేస్తుంది. బేస్ వంకరగా ఉంటే దాన్ని సరిచేయడానికే క్లిక్కులన్నీ అయిపోయి లోపలి ట్యూబ్ ఒక మూలకి పోతుంది, స్ప్రింగు ఇబ్బంది పెట్టేది అక్కడే ఎక్కువ. టరెట్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లిగా లెక్కపెట్టి సగం దగ్గర పెట్టి, అప్పుడు మౌంట్ చెయ్యడం మొదలుపెట్టండి. కంటికీ స్కోపుకీ మధ్య దూరం గురించి ఫిర్యాదేం లేదు, మూడున్నర అంగుళాల దాకా ఉంది, కనుబొమ్మకి ఎప్పుడూ తగల్లేదు. లోపల ఆవిరి పట్టడం కూడా చూళ్లేదు.

కొనొచ్చా అంటే, నాలాగ అడవి అంచుల్లో, 200 గజాల లోపల, ఒకే రకం రౌండ్లతో కాల్చేవాళ్లయితే కొనండి అనే అంటా, నేను మళ్లీ కొన్నా ఇదే కొంటా. లోయ ఆవల గట్టు మీదున్న జంతువుని దూరం కొలిచి టరెట్ తిప్పి కాల్చే అలవాటుంటే ఈ తరగతి స్కోపు జోలికి రావద్దు, ఇంకొన్నాళ్లు డబ్బులు పోగేసుకోవడమే మంచిది. రౌండ్లు తరచూ మార్చేవాళ్ల సంగతి మధ్యలో ఉంటుంది, ఓపిక ఉంటే నడుస్తుంది. నా తమ్ముడు అలా రౌండ్లు మార్చే రకమే, వాడికి ఈ సీజన్‌కి నా స్కోపు ఇచ్చి చూద్దామనుకుంటున్నా, మార్చిన ప్రతిసారీ దాటించి వెనక్కి తెమ్మని చెప్పా, ఏమవుతుందో చూడాలి.