రెజ్యూమెలు వడకట్టే ఏఐ: కొనేముందు ఏం చూడాలి

ఈ సాఫ్ట్‌వేర్‌ల సత్తా సగం పార్సర్ దగ్గరే, అంటే రెజ్యూమె చదివి పేరు, తేదీలు, అనుభవం విడదీసే భాగం దగ్గరే, తేలిపోతుంది. రెండు కాలమ్‌ల పీడీఎఫ్ ఇస్తే, చాలా పార్సర్‌లు రెండు కాలమ్‌లనూ అడ్డంగా కలిపి చదివేస్తాయి. ఒక ఉద్యోగం పక్కన ఇంకో ఉద్యోగం తేదీలు వచ్చి పడతాయి, ఆరేళ్ల అనుభవం కాస్తా రెండేళ్లవుతుంది. మన రెజ్యూమెల్లో ఇంకో చిక్కుంది: ముందు రాసే ఇంటిపేరు ఫస్ట్ నేమ్ గడిలోకి పోతుంది.

డెమోలో చూపించే రెజ్యూమెలు నమ్మకండి, అవి ఏరికోరి తెచ్చినవి. మీ కంపెనీకి వచ్చిన పాత రెజ్యూమెలు 50 తీసుకుని ఆ సాఫ్ట్‌వేర్‌లో నడపండి. అందులో ఇప్పుడు మీ దగ్గర బాగా పనిచేస్తున్నవాళ్లవి 10 ఉండాలి. వాళ్లు అడుగున తేలితే ఆ ర్యాంకింగ్ మీకు పనికిరాదు. తర్వాత ఒకే రెజ్యూమెలో పేరు మాత్రం మార్చి మళ్లీ నడపండి. స్కోరు కదిలితే కారణం రాతపూర్వకంగా అడగండి.

ఈ టూల్స్ పక్షపాతం చూపిస్తాయన్నది ఉత్త అనుమానం కాదు. పదేళ్ల పాత రెజ్యూమెలతో అమెజాన్ తయారుచేసిన టూల్ మహిళల దరఖాస్తులను కిందికి నెట్టింది. దాన్ని పక్కనపెట్టేశారని 2018లో బయటికొచ్చింది. వీడియో ఇంటర్వ్యూల్లో ముఖకవళికల విశ్లేషణను మానేస్తున్నట్టు ఆ సాఫ్ట్‌వేర్ అమ్మే హైర్‌వ్యూ కంపెనీ 2021లో ప్రకటించింది. న్యూయార్క్ నగరంలో 2023 జులై నుంచి ఇలాంటి టూల్స్‌కు ఏటా పక్షపాతం ఉందో లేదో చూసే ఆడిట్ తప్పనిసరి.

ఇంటర్వ్యూ టైమ్ కుదర్చడం, డూప్లికేట్లు ఏరేయడం, రిమైండర్లు పంపడం: వీటికి డబ్బు పెట్టొచ్చు, నిజంగా గంటలు మిగులుతాయి. సాఫ్ట్‌వేరే సొంతంగా తిరస్కరించే ఆటో రిజెక్ట్ మాత్రం మొదటి రోజే ఆఫ్ చేయించండి. వారానికి 20 తిరస్కరణలైనా మనిషి కళ్లతో చదవాలి.